పైకెత్తిన రెండు చేతులు

“అయితే నువ్వు కూడా ఉండిపో మణీ. నీ చీర అమ్మ సూస్తాది,” అన్నారు మా ఆయన.

పొద్దున్న టీల దగ్గర మొదలైన మాట అది. అన్నాల వేళ దాటినా తెగలేదు. నేను బఠాణీలు ఒలుస్తున్నాను. మా అత్తయ్య ఎస్తేరమ్మగారు ఎదురుగా కూచుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నారు. నర్సింగ్‌హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మా ఆడపడుచు అన్నమ్మ నిద్ర సగంలో లేచి వచ్చి గుమ్మానికి చేరబడి వింటోంది. రేపు క్రిస్మస్ బట్టలకి గోల్‌బజార్ వెళ్ళాలి. మా ఇళ్ళల్లో అది పండగకి ముందు పండగ. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి, ఒకరి బట్ట ఒకరి భుజం మీద వేసి చూసి, చివర్న మిఠాయి కొట్లో సింగారాలు, అదే ఇక్కడి సమోసాలు, తిని రావాలి. బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్‌లో మా వీధి తెలుగువాళ్ళందరిదీ అదే వాడుక. తేడా అల్లా, పోయిన ఏడాదినుంచీ మా ఇంట్లో ఇంటిల్లిపాదీ అంటే నేనూ నా కూతురు రెబెక్కా కాక మిగిలినవాళ్ళు.

“ఇద్దరం వస్తాం,” అన్నాను. పొద్దుటినుంచీ ఆ ఒక్క మాటే అంటున్నాను.

“ఆ గుంట మల్లా కింద పడి దొర్లిందంటే నాను ఆ బజార్లో మొకం ఎత్తుకోనేను తల్లీ,” అన్నారు అత్తయ్య. “సర్చోళ్ళందరూ ఆడే ఉంతారు రేపు.”

అన్నమ్మ ఆవలించి, పోనీ తను ఇంట్లో ఉంటానంది, తనకెలాగూ నిద్ర కావాలంది. మంచిపిల్ల. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. కానీ మా ఇంట్లో దయ కూడా బయట గడియ పెట్టినట్టే ఉంటుంది. ఎవరు దయ చూపినా రెబెక్కా లోపలే.

పోయిన సంవత్సరం అలాగే చేశారు. పిల్ల పాదాన్ని పురికొసతో కొలిచి, ఆ పురికొస చొక్కా జేబులో పెట్టుకు వెళ్ళి బూట్లు తెచ్చారు మా ఆయన. నాకు అత్తయ్య మట్టిరంగు చీర ఏరారు, మాసినా కనపడదని. క్రిస్మస్ పొద్దున్న ఆరాధన మధ్యలో రెబెక్కా ఆ బూట్లు విప్పి బల్ల కింద పారేసి, సాక్సులతో నడవలోకి వెళ్ళి నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళ చూపులు పిల్ల మీంచి నా మీదికి వచ్చాయి. ఎప్పుడూ అంతే, పిల్ల మీంచి నా మీదికి వస్తాయి, వాళ్ళ నాన్న మీదికి వెళ్ళవు. బూట్లు వేలి దగ్గర ఇరుకు. ఎవరూ నొక్కి చూడలేదు. నొక్కి చూడడానికి కాలు కొట్లో లేదు కదా. ఆరోజు చర్చి మెట్ల మీద దాని సాక్సులు దులుపుతూ ఒకటి అనుకున్నాను. వచ్చే క్రిస్మస్‌కి నా కూతురు తన కాలు తనే బూటులో పెట్టి చూసుకుంటుంది. కొట్లోనే, అందరి మధ్యనే.

అంతకు ముందు ఏడాది సంగతి చెప్పకపోతే మా వాళ్ళ భయం అన్యాయమనిపిస్తుంది. అన్యాయం కాదు. అప్పుడు రెబెక్కాకి ఏడేళ్ళు. బట్టల కొట్లో ట్యూబులైట్ల గుయ్యిమనే చప్పుడు, పైన పాటల మైకు, పక్కన ఎవరో బుగ్గ గిల్లడం, మేము ఒక కొట్టు అని చెప్పి నాలుగో కొట్లోకి లాక్కెళ్ళడం. అది నేల మీద పడిపోయింది. తల నేలకేసి కొట్టుకుంది. ఎత్తబోయిన కొట్టు కుర్రాడి చెయ్యి కొరికింది. నేను దాని తల కింద నా అరచెయ్యి పెట్టి, ఆ దెబ్బలన్నీ చేతి మీద కాచుకుంటూ తలెత్తి చూస్తే, మా ఆయన ఎదురు కొట్టు ముందు నిలబడి బనియన్లు చూస్తున్నారు. సైజు తిప్పి చూస్తున్నారు. మేమెవరో ఆయనకి తెలియనట్టు. ఆ రోజు నా చెయ్యి వాచింది, వారంలో తగ్గిపోయింది. ఆ బనియన్లు మాత్రం ఈరోజుకీ తీగ మీద ఆరేస్తున్నాను.

కలకత్తాలో డాక్టరమ్మ చెప్పిన జబ్బు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. నోరు తిరిగే మాటలు వాళ్ళ దగ్గర ముందే ఉన్నాయి. మొండి. పెంకి. తల్లి గారాబం. “ఇద్దరు పిల్లల్ని నాను పెంచినాను, ఒక్కలైనా ఇలగ సేసినారేటి?” అని అత్తయ్య. “రోజంతా ఇంట్లోనే ఉంతావు, ఆమాత్రం నేర్పనేవా?” అని మా ఆయన. నేను రోజంతా ఇంట్లో ఉండేది అందుకే అని, నర్సరీ స్కూల్లో నా ఉద్యోగం మానింది అందుకే అని, శనివారం సాయంత్రాలు క్వయిర్‌కి వెళ్ళడం మానింది కూడా అందుకే అని ఆయనకి తెలుసు. తెలిసినవాళ్ళకి చెప్పడం ఇంకా కష్టం. మా చర్చిలో పై గొంతు పాడేదాన్ని నేను. నా చోటులో ఇప్పుడు ఇంకెవరో నిలబడుతున్నారు. మా ఆయన మాత్రం ఒక్క పురుషుల కూడిక కూడా మానలేదు. దేవుడి పని కదా మరి.

దారి నాకు ఎక్కడ దొరికిందో చెప్తే నవ్వొస్తుంది. మా ఆయన దగ్గరే దొరికింది. ఆయన గూడ్సు బండి డ్రైవరు. ఒకరోజు కొత్తగా చేరిన అసిస్టెంటు ఒకబ్బాయి టీకి వస్తే, ఈయన సోఫాలో వెనక్కి వాలి పాఠం చెప్తున్నారు. దారిలో ఎక్కడ పట్టా బాగుచేస్తున్నారో, ఎక్కడ నెమ్మదిగా పోవాలో, అదంతా బయల్దేరే ముందే కాషన్ అని డ్రైవరుకి చెప్తారట. చెప్పందే ఏ డ్రైవరూ బండి కదపడట, రోజూ పోయే దారే అయినా సరే. కనపడ్డ ప్రతి సిగ్నలూ నోటితో పైకి అనాలట. పక్కవాడు అదే మాట తిరిగి అనాలట. “ఆడు సూసేసుంతాడులే అనుకోకూడదు. పైకి సెప్పాల, తిరిగి సెప్పాల. అప్పుడే ఇద్దరి బుర్రా ఒక్కటవుద్ది,” అన్నారు మా ఆయన ఎబినేజర్‌గారు, బిస్కట్ టీలో ముంచుతూ.

నేను ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. బల్ల కింద రెబెక్కా చెవులు మూసుకుని కూచుని ఉంది, కొత్త మనిషి వస్తాడని దానికెవరూ చెప్పలేదు కనక. ఇంత పెద్ద మనిషికి, ఇంత అనుభవం ఉన్నవాడికి, మలుపు ముందే చెప్తారు. నా కూతురికి మాత్రం “సెప్పులేసుకో, పద” అంటాం. ఎక్కడికో చెప్పం, ఎందుకో చెప్పం, ఎప్పుడు తిరిగొస్తామో చెప్పం. పట్టాలు తప్పితే దాన్నే తిడతాం.

మర్నాటినుంచి మొదలుపెట్టాను. మొదట వీధి చివర కిరాణా కొట్టు దాకా, ఎండవేళ జనం లేనప్పుడు. ఏమీ కొనడానికి కాదు, కొట్టు గడప తాకి తిరిగిరావడానికి. బయల్దేరే ముందు దాని ఎదురుగా నేల మీద కూచుని చెప్పేదాన్ని. గేటు. నీళ్ళ పంపు. కుక్క ఉండొచ్చు. కొట్టు. ఇల్లు. అది వినేది కాదనుకున్నాను. దారిలో “నీళ్ళ పంపు” అన్నాను. జవాబు లేదు. మళ్ళీ అన్నాను. మళ్ళీ లేదు. చాలా రోజులు నేనొక్కదాన్నే దారంతా గొణుక్కుంటూ నడిచాను. కొట్టతను, మంచి బెంగాలీ ముసలాయన, “దీదీ, ఒంట్లో బాగుందా?” అని అడిగాడు కూడా. ఒకరోజు పంపు దగ్గరికి రాగానే వెనకనుంచి చిన్న గొంతు వచ్చింది, “నీళ్ళ పంపు.” నేను ఏడవలేదు. తిరిగి చెప్పాను. అదే కదా రూలు.

తరవాత ఉప్పు పొట్లం. తరవాత ఉప్పూ సబ్బూ. తరవాత కూరల బజారు, అక్కడ రెండుసార్లు ఓడిపోయి ఇంటికి ఎత్తుకొచ్చాను, తొమ్మిదేళ్ళ పిల్లని, సంచీతో సహా. టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కితే గతుకులకి ఇంకా అరుస్తుందని నడిచే వచ్చాను. ఎండు చేపల వరస దాటలేదని తెలిసింది, ఆ వరస వదిలేసి చుట్టు తిరిగాం. ముట్టుకుంటే తట్టుకోలేదని తెలిసింది, బుగ్గ మీదికి వచ్చే చేతులకి నా భుజం అడ్డం పెట్టడం నేర్చుకున్నాను. “ఏమైంది పిల్లకి?” అని అడిగినవాళ్ళకి మొదట్లో క్షమాపణలా ఏదో చెప్పేదాన్ని. పోను పోను, “ఏమీ కాలేదు, నేర్చుకుంటోంది,” అనడం వచ్చింది.

చేతుల సంగతి మాత్రం మా నాన్నది. మా నాన్న సమూయేలు నిమ్‌పురా రైల్వే యార్డులో, బండ్ల పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి పోయారు. నేను చిన్నప్పుడు క్యారేజీ తీసుకెళ్ళి కంచె ఇవతల నిలబడేదాన్ని. చేతిలో జెండా లేనప్పుడు బండి ఆపాలంటే రెండు చేతులూ తల పైకెత్తి, అరచేతులు విప్పి నిలబడేవారు. అంత పెద్ద ఇంజను ఆ బక్క మనిషి ముందు ఆగిపోయేది. రెబెక్కాకి గుండె దడ మొదలైతే మాటలు దొరకవు, ఆ సమయంలో ఏమీ అడిగి లాభం లేదు. చేతులు దొరుకుతాయి కదా అనుకున్నాను. ఇంట్లో ఆటలా నేర్పాను. అది చేతులెత్తితే నేను ఎక్కడున్నా ఆగిపోవాలి. గరిటె పట్టుకుని ఆగాను. తడిబట్ట పిండుతూ ఆగాను. పప్పు మాడినా ఆగాను. చేతులెత్తి “లాల్” అంటే నేను “లాల్” అనాలి, గోడ పక్కకి పోవాలి, అది “హరా” అనేదాకా కదలకూడదు. యార్డులో వాళ్ళ తాత హిందీలో అరిచిన మాటలే అవి, ఎరుపంటే ఆగు, పచ్చంటే పద.

ఏప్రిల్‌నుంచి డిసెంబరు దాకా ఇదంతా ఈ ఇంట్లోనే జరిగింది. ఎవరూ అడగలేదు. మేము బజారునుంచి వస్తే సంచీ చూసేవాళ్ళు. “కొత్తిమీర మర్సిపోనావు,” అనేవారు అత్తయ్య. ఆ రోజు రెబెక్కా మొదటిసారి తన చేత్తో కొట్టతనికి నోటు ఇచ్చి, చిల్లర కోసం ఆగి, తీసుకుంది. నేను కొత్తిమీర మర్చిపోయాను నిజమే.

రేపటి గోల్‌బజార్ దారి కూడా నిన్న కూరల వంకతో వెళ్ళి చూసొచ్చాను. ఏ కొట్టు ముందు మైకు పెట్టారో, ఏ బూట్ల కొట్లో కూచోడానికి బల్ల ఉందో, జనం ఎప్పుడు పలచగా ఉంటారో. అందుకే బఠాణీల పళ్ళెం పక్కకి పెట్టి అన్నాను, “అది రాకపోతే రేపు నేనూ రాను. ఇంట్లో కూడా ఉండను. మేమిద్దరం వేరేగా వెళ్తాం. సర్చోళ్ళు అడిగితే మీరే ఏదో ఒకటి చెప్పుకోండి.”

అత్తయ్య వెల్లుల్లి ఒలవడం ఆపారు. మేము రావడం ఒక పరువు తక్కువ, మేము వేరేగా వెళ్ళడం ఇంకో పరువు తక్కువ. ఆవిడ రెండూ తూచుకున్నట్టున్నారు. “సరే రమ్మను మరి,” అన్నారు.

మర్నాడు బయల్దేరే ముందు అందరికీ చెప్పాను. ముందు బూట్లు. తరవాత గౌను. తరవాత ఆయనకి చొక్కా. తరవాత చీరలు. తరవాత సింగారాలు, ఇల్లు. ఇందులో ఏదీ మారకూడదు, మార్చాలనుకుంటే ముందు రెబెక్కాకి చెప్పాలి. మా ఆయన నవ్వారు. “నాకే కాషన్ ఇస్తన్నావేటే?” అన్నారు. అన్నమ్మ నిద్ర మానుకుని వచ్చింది, “వొదినా, నువ్వు కంట్రోల్ రూంలో ఉండాల్సినదానివి,” అంది.

బూట్ల కొట్టు దాకా రెబెక్కా నా పక్కన నడిచింది. “పెద్ద గేటు,” అంటే “పెద్ద గేటు.” “మైకు వస్తుంది, దాటేస్తాం,” అంటే “దాటేస్తాం.” కొట్లో బల్ల మీద కూచుని, కొట్టు దాదా, అంటే బెంగాలీలో అన్నయ్య, తెచ్చిన ఎర్ర పువ్వుల బూట్లు చూసి తల తిప్పేసింది. లేచి మగపిల్లల వరస దగ్గరికి వెళ్ళి, నల్లటివి, లేసుల్లేనివి, అతికించే పట్టీ ఉన్నవి తీసింది. కాలు పెట్టింది. నిలబడింది. వంగి తన బొటనవేలు దగ్గర తనే నొక్కి చూసుకుంది.

“మగగుంటల జోళ్ళు కావేటి అవి?” అన్నారు అత్తయ్య.

“సరిపోయాయి,” అంది రెబెక్కా. అంతే, ఆ ఒక్క మాట. పోయిన క్రిస్మస్ మెట్ల మీద నేను అనుకున్నది ఆ ఒక్క మాట కోసమే.

గౌను కూడా అయింది. నేను గల్లా దగ్గర డబ్బు ఇస్తున్నాను. ఇంతలో మా ఆయన బయట ఏదో కొట్టు ముందు తగ్గింపు ధరల బోర్డు చూశారు. అంతవరకు బాగా జరిగింది కదా, ధైర్యం వచ్చింది ఆయనకి. “అమ్మా, ఇటు రండి, ఇదొక్కటి సూసేద్దాం,” అంటూ రెబెక్కా చెయ్యి పట్టుకుని నడిచేశారు, మైకు ఉన్న వైపుకే. నేను కొట్టు అద్దంలోంచి బయటికి చూస్తున్నాను. దాని భుజాలు పైకి లేచాయి. మెడ బిగిసింది. అది పడిపోయే ముందు ఎలా ఉంటుందో నా ఒంటికి తెలుసు. నా కాళ్ళు పరుగు కోసం కదిలాయి కూడా. జనం మధ్య నేను చేరేలోపు అయిపోతుంది.

రెబెక్కా చెయ్యి విడిపించుకుంది. పడిపోలేదు. ఆ బజారు దారి నట్టనడుమ, కొత్త నల్ల బూట్ల మీద నిటారుగా నిలబడి, రెండు చేతులూ తల పైకెత్తింది. అరచేతులు విప్పి.

మా ఆయన ఆగిపోయారు. ఆలోచించి ఆగలేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం ఆయన కాళ్ళని ఆపింది. వెనక వస్తున్న అత్తయ్య ఆయన వీపుకి గుద్దుకున్నారు. ఆవిడ వెనక టోటోవాడు బ్రేకు వేశాడు. అంత గోలలో ఒక చిన్న చోటు ఖాళీ అయింది, దాని మధ్య నా కూతురు, మా నాన్న నిలబడ్డట్టు నిలబడింది.

“లాల్,” అంది.

ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది. “లాల్,” అన్నారు.

ఆ తరవాత ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. తల తిప్పి నా కోసం వెతికారు. అద్దం వెనక నేను కనపడ్డాను. నేను వెళ్ళలేదు. చిల్లర చేతిలో పట్టుకుని ఉన్నచోటే ఉన్నాను. వెళ్ళకపోవడం ఇంత కష్టమని అంతవరకు తెలియదు. ఆయన వంగి దాన్ని ఏదో అడిగారు. అది వేలితో మూసి ఉన్న ఒక షట్టరు చూపించింది. ఇద్దరూ పక్కకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డారు. చర్చివాళ్ళు ఎవరో పలకరిస్తే ఆయన తల ఊపారు కానీ కదల్లేదు. ఈసారి ఏ బనియన్ల వైపూ చూడలేదు. చాలాసేపటికి రెబెక్కా భుజాలు కిందికి దిగాయి. పెదవులు కదిలాయి. ఆయన పెదవులూ కదిలాయి. నాకు వినపడలేదు, కానీ ఏమన్నారో తెలుసు. గల్లా దగ్గరి దాదా, “దీదీ, అదేనా మీ పాప?” అని అడిగాడు. “నా పాపే,” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

చీరలు కొన్నాం. నాది నేనే తీసుకున్నాను, నెమలిపింఛం రంగు. సింగారాలు తిన్నాం. ఇంటికొచ్చాక అన్నమ్మ టీ పెట్టింది, అందరం పొట్లాలు మంచం మీద పరుచుకుని కూచున్నాం. రెబెక్కా కొత్త బూట్లు విప్పనే లేదు, వాటితోనే మంచం ఎక్కింది.

అత్తయ్య ముఖం వెలిగిపోతోంది. “సూసినావా అన్నమ్మా,” అన్నారు, “నా కొడుకు బండాపినట్టు ఆపేసినాడు గుంటని. తండ్రి పక్కనుంటే మాట వింతాది. ఇన్నాళ్ళూ తల్లి సేతిలో ఒగ్గేసినాం గానీ.”

అన్నమ్మ నా వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన టీ ఊదుకుని, కొంచెం నవ్వి, “అదేటంత కష్టం కాదులేమ్మా,” అన్నారు.

నాకు కోపం రాలేదు. ఆశ్చర్యంగా ఉంది ఇప్పటికీ, రాలేదు. ఆ మధ్యాహ్నం అద్దం వెనక నిలబడి చూసినది ఎవరి మాటా చెరపలేనిది. దాని ముందు ఈ మాట చాలా చిన్నది. చిన్నదే కానీ పనికొచ్చేది. నేను టీ కప్పు కింద పెట్టాను.

“కష్టం కాదు కదా,” అన్నాను. “మంచిదే. ఈ శనివారంనుంచి, మీరు ఇంట్లో ఉన్న ప్రతి శనివారం సాయంత్రం బజారుకి దాన్ని మీరే తీసుకెళ్ళండి. బయల్దేరే ముందు దారంతా దానికి చెప్పండి. అది చేతులెత్తితే ఆగండి. మిగతాది దానికి వచ్చు, అదే చెప్తుంది. మీరు డ్యూటీలో ఉన్న వారం అన్నమ్మ తీసుకెళ్తుంది.”

“నాకిష్టమే వొదినా,” అంది అన్నమ్మ, వెంటనే.

మా ఆయన కప్పు నోటి దగ్గర ఆగిపోయింది. రెబెక్కా బూటు పట్టీ చరచరమని విప్పి మళ్ళీ అతికించి, తల ఎత్తకుండానే అంది, “శనివారం. బజారు. నాన్న.”

అది తల ఎత్తి వాళ్ళ నాన్న ముఖంలోకి చూసింది. ఎదురుచూస్తోంది. ఏ మాటకోసమో ఆ గదిలో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు.

“శనివారం. బజారు. నాన్న,” అన్నారు ఆయన.

అత్తయ్య మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. “అది సరే. మరి నువ్వెక్కడుంతావు ఆ యేలకి?”

“క్వయిర్‌లో ఉంటాను అత్తయ్యా,” అన్నాను. “ముందు వరసలో.”